ఎంత కష్టంగా ఉందో ఒంటినే అడగండి

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచలో తెల్లారకముందే రోడ్డు మేలుకుంటుంది. పోలీసు భర్తీకి తయారయ్యే పిల్లలు అంకీస వైపో, ప్రాణహిత వంతెన వైపో గుంపులుగా పరుగు తీస్తుంటారు. మహారాష్ట్ర పోలీసు కానిస్టేబుల్ శారీరక పరీక్షలో మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800 మీటర్ల పరుగు ఉంటుంది. దాంతోపాటు 100 మీటర్ల పరుగు, గుండు విసరడం. తెలుగు మాట్లాడే ఎన్నో ఇళ్లు ఆ ఉద్యోగం మీద ఆశ పెట్టుకుని ఉంటాయి కాబట్టి పిల్లలు ఒళ్లు దాచుకోరు. ఎంత గట్టిగా పరుగెత్తితే అంత మంచిదనే నమ్మకంతో రోజూ ప్రాణం పెట్టి ఉరుకుతారు. నేర్పే అన్న "ఇవాళ మెల్లగా పోండిరా" అంటాడు. అందరూ తలూపుతారు. పది నిమిషాల్లో మళ్లీ పోటీ మొదలవుతుంది.

మెల్లగా అంటే ఎంత? దీనికి మూడు రకాలుగా జవాబు చెప్పొచ్చు. కిలోమీటరుకు ఇన్ని నిమిషాలు అని వేగంలో చెప్పొచ్చు. నిమిషానికి గుండె ఇన్నిసార్లు కొట్టుకోవాలని చెప్పొచ్చు. లేదా నీకు ఎంత కష్టంగా అనిపిస్తోందో అంకెలో చెప్పమని అడగొచ్చు. మొదటి రెండూ శాస్త్రంలాగా, మూడోది నోటిమాటలాగా కనిపిస్తుంది. నా నమ్మకం సూటిగా చెప్తాను: మన ఎండల్లో, మన పనుల మధ్య, బీపీ మందులు వాడే మన పెద్దవాళ్ల విషయంలో, అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఆ మూడోదే. అయితే అది కూడా నేర్చుకుంటేనే వచ్చే కొలత. నేర్చుకోకుండా వాడితే మోసం చేస్తుంది.

ముందు గుండె లెక్క సంగతి చూద్దాం. 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ గుండె వేగం వస్తుందని, అందులో ఇంత శాతం దగ్గర వ్యాయామం చేయాలని జిమ్ముల్లో చార్టులు వేలాడుతుంటాయి. చేతి వాచీల్లో చాలావాటి లెక్క కూడా ఇదే. 1970ల మొదట్లో అమెరికా పరిశోధకులు ఫాక్స్, హాస్కెల్ అప్పటికే అచ్చయిన కొన్ని అధ్యయనాల అంకెలను ఒకచోట చేర్చి, వాటి మధ్యనుంచి ఓ గీత గీసి చూపించారు. ఇంతమందిని పరీక్షించి ఈ సూత్రం తేల్చామని వాళ్లు చెప్పలేదు. తర్వాత చేతులు మారుతూ మారుతూ అది శాసనమైపోయింది. ఈ సూత్రం చెప్పే అంకెకూ అసలు అంకెకూ మామూలుగానే 10, 12 తేడా ఉంటుంది. 40 ఏళ్ల మనిషికి సూత్రం 180 అంటుంది, నిజానికి అతని గరిష్ఠం 165 కావచ్చు, 195 కావచ్చు. 165 ఉన్నవాడికి 150 అంటే దాదాపు కొస. 195 ఉన్నవాడికి అదే 150 దగ్గర కబుర్లు చెప్పుకునే వీలుంటుంది. ఇద్దరికీ చార్టు మాత్రం ఒకే మాట చెప్తుంది.

స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ 1950ల చివరి నుంచి ఈ సమస్యను వేరే కొస నుంచి పట్టుకున్నాడు. కాంతి, శబ్దం, బరువు మనకు ఎంతగా అనిపిస్తాయో కొలిచే పద్ధతులు అప్పటికే ఉన్నాయి. వాటినే శ్రమకు ఎందుకు వాడకూడదని అతని ప్రశ్న. మనుషుల్ని స్థిర సైకిలు మీద కూర్చోబెట్టి, తొక్కే భారం పెంచుతూ, ఎంత కష్టంగా ఉందని అడుగుతూ పోయాడు. తేలిన విషయం ఆసక్తికరమైనది. భారం రెట్టింపైతే కష్టం రెట్టింపుతో ఆగదు, దాదాపు మూడింతలవుతుంది. పరుగు వేగం కాస్త పెంచగానే కష్టం ఒక్కసారిగా మీద పడ్డట్టు అనిపించడానికి ఇదో కారణం. అలా అనిపించడం భ్రమేమీ కాదు. శ్రమ పెరిగేకొద్దీ అనుభూతి ఇంకా ఏటవాలుగా పెరుగుతుంది, ఆ పెరుగుదల మనిషి నుంచి మనిషికి ఒక క్రమంలోనే ఉంటుంది. క్రమం ఉంది కాబట్టే కొలవడం కుదిరింది.

బోర్గ్ మొదట ఇచ్చిన కొలబద్ద 6 నుంచి 20 దాకా ఉంటుంది. 6 అంటే ఏ శ్రమా లేదు, 9 చాలా తేలిక, 11 తేలిక, 13 కొంచెం కష్టం, 15 కష్టం, 17 చాలా కష్టం, 19 విపరీతమైన కష్టం, 20 అంటే ఇక ఒక్క అడుగు కూడా వేయలేను అన్నంత. ఆరుతో మొదలుపెట్టడం చూసి చాలామంది తికమకపడతారు. చెప్పిన అంకెను పదితో హెచ్చిస్తే ఆరోగ్యంగా ఉన్న పడుచు, నడివయసు మనిషి గుండె వేగానికి దగ్గరగా రావాలని అతను అలా కూర్చాడు. కూర్చున్నప్పుడు 60, గరిష్ఠ శ్రమలో 200. ఆ పోలికను మరీ గట్టిగా పట్టుకోవద్దని బోర్గే హెచ్చరించాడు. వయసు, ఎండ, మందు, చేసే పని రకం, వీటిలో ఏది మారినా ఆ హెచ్చవేత చెడుతుంది.

1982లో అతనే ఇంకో కొలబద్ద తెచ్చాడు, అది సున్నా నుంచి పది దాకా. అసలు చిక్కుముడి ఇక్కడ పడింది, ఇంటర్నెట్‌లో చదివేవాళ్లు ఎక్కువగా జారిపడేది కూడా ఇక్కడే. బోర్గ్ పది అంకెల కొలబద్దలో 3 అంటే మధ్యస్థం, 5 అంటే అప్పటికే కష్టం, 7 అంటే చాలా కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే సున్నా నుంచి పది కొలబద్దలో మాత్రం 5, 6 అంటే మధ్యస్థం, 7, 8 అంటే తీవ్రం. ఒకే అంకెకు రెండు అర్థాలన్నమాట. ఎవరో వీడియోలో "ఐదు దగ్గర నడవండి" అంటే అది ఏ కొలబద్ద మీది ఐదో తెలియకపోతే, మోకాళ్ల నొప్పులున్న మనిషి అనవసరంగా ఆయాసపడతాడు. అందుకే అంకెను ఎప్పుడూ మాటతో జత చేసి గుర్తుపెట్టుకోవాలి. ఈ వ్యాసంలో ఇక్కడినుంచి ఆరోగ్య సంస్థ అంకెలే వాడతాను: 0 అంటే కుర్చీలో కూర్చున్నట్టు, 10 అంటే ఒంట్లో ఉన్నదంతా పెట్టేసినట్టు. ఆ సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం కావాలి. ఈ 5, 6 అనేవి ఎవరి శక్తిని బట్టి వాళ్లకే వర్తిస్తాయి. పాతికేళ్ల భర్తీ కుర్రాడు ఐదు దగ్గర పరుగెత్తుతుంటే, అదే ఐదు దగ్గర వాళ్ల నానమ్మ చేను గట్టు మీద నడుస్తూ ఉండొచ్చు. ఇద్దరికీ దక్కే లాభం దాదాపు ఒకటే తరహా.

ఈ అనుభూతి ఎక్కడ పుడుతుంది? కండరాల నుంచి, ఊపిరితిత్తుల నుంచి, కీళ్ల నుంచి, వేడెక్కిన చర్మం నుంచి మెదడుకు కబుర్లు అందుతూనే ఉంటాయి. కానీ చాలామంది పరిశోధకులు ఇప్పుడు ఇంకో సంగతి మీద గట్టిగా నిలబడుతున్నారు. కాలు కదలాలంటే మెదడు ఆజ్ఞ పంపాలి. ఆ ఆజ్ఞ కండరానికి వెళ్తూనే, దాని నకలు ఒకటి మెదడులోనే అనుభూతిని లెక్కగట్టే భాగాలకు చేరుతుంది. కండరం అలిసిపోయినప్పుడు అదే పని చేయించడానికి మెదడు ఇంకా గట్టిగా ఆజ్ఞ ఇవ్వాల్సి వస్తుంది. ఆ గట్టితనమే మనకు కష్టంగా తెలుస్తుంది. బస్తా బరువు మారకపోయినా పదో బస్తా మొదటిదానికంటే బరువుగా అనిపించడానికి కారణం ఇదే.

దీన్నుంచి ఒక విచిత్రమైన ఫలితం వస్తుంది. ఒళ్లు అలవకుండా మనసు మాత్రమే అలిసినా కష్టం పెరుగుతుంది. పరిశోధకుడు శామ్యూలె మార్కోరా, అతని సహచరులు 2009లో దీన్ని చూపించారు. 90 నిమిషాల పాటు ఏకాగ్రత కావాల్సిన కంప్యూటర్ పని చేయించి తర్వాత సైకిలు తొక్కిస్తే, ఆ మనుషులు మామూలు రోజుకంటే దాదాపు 15 శాతం ముందే చేతులెత్తేశారు. గుండె, ఊపిరి లెక్కల్లో దానికి తగిన తేడా ఏమీ కనబడలేదు. తేడా అంతా వాళ్లు చెప్పిన శ్రమ అంకెల్లోనే ఉంది, అవి మామూలు రోజుకంటే పైన ఉన్నాయి. బల్లార్‌పూర్, రాజురా వైపు బొగ్గు గనుల్లో రాత్రి షిఫ్టు దిగి వచ్చి, నిద్ర లేకుండానే పొద్దున గ్రౌండ్‌కు పోయేవాళ్లకు ఇది బాగా తెలిసిన సంగతి. నిన్న ఐదు అనిపించిన పరుగు ఇవాళ ఏడు అనిపిస్తుంది. అలాంటి రోజు వేగాన్ని పట్టుకుని వేలాడకుండా అంకెను పట్టుకోవాలి. ఐదు కావాలనుకుంటే ఐదు దగ్గరే ఉండండి, వేగం ఎంత తగ్గితే అంత తగ్గనివ్వండి.

ఇక ఎండ. చంద్రపూర్‌లో మే నెలలో పాదరసం 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. సిరోంచలో దానికి తోడు నదుల వైపు నుంచి వచ్చే ఉక్క. వేడిలో పరుగెత్తేటప్పుడు గుండె రెండు పనులు చేయాలి, కండరాలకు రక్తం పంపాలి, చల్లబడటానికి చర్మానికీ పంపాలి. చెమట రూపంలో నీరు పోతుంటే రక్తంలో నీటి పాలు తగ్గుతుంది, ఒక్కో దెబ్బకు గుండె బయటికి నెట్టే రక్తం తగ్గుతుంది, ఆ లోటు పూడ్చడానికి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. వేగం మారకుండానే అరగంటలో గుండె లెక్క పది, పదిహేను పెరిగిపోతుంది. వాచీ చూసేవాడు నా ఫిట్‌నెస్ పడిపోయిందని టెన్షన్ పడతాడు. వేగం చూసేవాడు నిన్నటి టైము రావాల్సిందేనని ఇంకా లాగుతాడు. రెండోది ప్రమాదం.

ఇక్కడ శ్రమ అంకె నిజంగా కాపాడుతుంది. దక్షిణాఫ్రికాలో టకర్, నోక్స్ బృందం 2006లో ఒక ప్రయోగం ప్రచురించింది. సైకిలు తొక్కేవాళ్లను వేగం గురించి పట్టించుకోవద్దని, బోర్గ్ పాత కొలబద్ద మీద 16 దగ్గరే ఉండమని చెప్పి 15, 25, 35 డిగ్రీల గదుల్లో తొక్కించారు. 35 డిగ్రీల గదిలో వాళ్ల శక్తి మిగతా రెండింటికంటే త్వరగా పడిపోతూ వచ్చింది. ఒంట్లో వేడి ప్రమాదకరంగా పేరుకోకముందే కాళ్లు వాటంతటవే నెమ్మదించాయి. ఎవరూ ఏ సూత్రమూ చెప్పలేదు, కష్టం ఒకేలా ఉంచుకోమని మాత్రమే అడిగారు. వేసవిలో భర్తీ శిక్షణ ఇచ్చేవాళ్లు ఈ ఒక్క ప్రయోగాన్ని గుర్తుపెట్టుకున్నా చాలామంది పిల్లలు వడదెబ్బ నుంచి తప్పించుకుంటారు. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. అన్ని రోజులూ స్టాప్‌వాచీ జేబులోనే ఉండనివ్వాలి.

మందుల సంగతి చాలామందికి చెప్పేవాళ్లు లేరు. బీపీకి, గుండెకు ఇచ్చే అటినొలాల్, మెటోప్రొలాల్ లాంటి మందులు గుండె వేగాన్ని అణచిపెడతాయి, వాటి పనే అది. మా కాక సాయంత్రాలు బల్లార్‌పూర్‌లో నడుస్తాడు. మనవడు కొనిచ్చిన వాచీలో 96, 98 కనిపిస్తే "ఇది నడక కాదంట, ఇంకా జోరు పెంచాలంట" అని అడుగులు వేగం చేసేవాడు. నుదుటి మీద చెమట, రెండు మాటలకో ఊపిరి, అయినా వాచీ ఆకుపచ్చ రంగులోనే ఉండేది. ఆయన ఒంటికి ఆ నడక ఏడు. వాచీకి మాత్రం మందు సంగతి తెలియదు. ఇలాంటి మందులు వేసుకునేవాళ్లకు గుండె వేగపు చార్టులు పనికిరావు, ఆయాసాన్నే చూసుకోవాలి. చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్లలో గుండెకు వెళ్లే నరాలు దెబ్బతిని వేగం సరిగా పెరగకపోవచ్చు, వాళ్లదీ ఇదే దారి. కానీ షుగర్ వాళ్లకు ఒక జాగ్రత్త. అదే నరాల దెబ్బ వల్ల గుండెపోటు నొప్పి కూడా తెలియకపోవచ్చు. మామూలు నడకే హఠాత్తుగా ఎనిమిది అనిపించడం మొదలైతే దాన్ని బద్ధకమని కొట్టిపారేయకుండా డాక్టరుకు చూపించాలి.

అంకె చెప్పడం రాదు అనేవాళ్లకు నోరే సాధనం. మధ్యస్థ శ్రమలో మాట్లాడగలరు, పాడలేరు. తీవ్ర శ్రమలో రెండు మూడు మాటలకే ఊపిరి కోసం ఆగాల్సి వస్తుంది. దీన్ని మన పద్ధతిలో చూసుకోవడం చాలా సులువు. బడిలో నేర్చుకున్న ఏ ఆటవెలది పద్యమో, తేటగీతో నడుస్తూ మామూలు గొంతుతో చదవండి. నాలుగు పాదాలూ పాదానికో ఊపిరితో నిదానంగా వచ్చాయంటే మీరు 4, 5 దగ్గర ఉన్నారు. చదవగలుగుతున్నారు కానీ పాదం మధ్యలో ఒకసారి ఊపిరి లాగాల్సి వస్తోందంటే 6. రెండో పాదమే పూర్తికాలేదంటే ఏడు దాటారు. తెలుగు చదువు అందని మన పిల్లలు మరాఠీ బడిలో చెప్పే ప్రతిజ్ఞ వాడుకోవచ్చు, వరుసలు నోటికి వచ్చి ఉండటమే కావాల్సింది. హాయిగా మాట్లాడగలిగే చివరి మెట్టు, ఊపిరి ఒక్కసారిగా వేగం పుంజుకునే మలుపుకు దగ్గరగా ఉంటుందని ప్రయోగశాలల్లో పదేపదే చూశారు. లక్షల రూపాయల యంత్రం చెప్పే సంగతిని పద్యం సుమారుగా చెప్పేస్తుంది.

ఇంతా చెప్పి లోపాలు దాచకూడదు. శ్రమ అంకెకూ గుండె వేగానికీ పొంతన చాలా గట్టిదని మొదట్లో అనుకున్నారు. 2002లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే సగటు పొంతన 0.62 దగ్గర తేలింది (రెండూ అచ్చంగా సరిపోతే అది 1). అంటే సంబంధం ఉంది, గుడ్డిగా ఒకటి బదులు ఇంకొకటి వాడేంత లేదు. నేను దీన్ని లోపంగా మాత్రమే చూడను. గుండె వేగం చెప్పని సంగతులు, నిద్ర, వేడి, దిగులు, కండరాల అలసట, శ్రమ అంకెలో కలుస్తాయి కాబట్టి రెండూ అచ్చంగా సరిపోకపోవడమే న్యాయం. కానీ కొత్తవాళ్లు చెప్పే అంకె నమ్మదగింది కాదన్నది కూడా నిజమే. ఎప్పుడూ పది దాకా పోనివాడికి పది ఎక్కడుందో తెలియదు. వాడి ఏడు గాలిలో ఉంటుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లు, గుండె జబ్బు లేదని తేల్చుకున్నాక, కొన్ని వారాల తయారీ తర్వాత చల్లని పూట ఒకసారి 9 దాకా వెళ్లి ఆ రుచి గుర్తుపెట్టుకోవాలి. పెద్దవాళ్లకు ఆ అవసరం లేదు, జీవితంలో చేసిన అతి కష్టమైన పనిని తలుచుకుని దాన్ని పది అనుకుంటే చాలు.

రెండో లోపం పరువు. గుంపులో అడిగితే ఎవడూ ఎనిమిది అనడు. పక్కనే అమ్మాయిలు పరుగెత్తుతుంటే అసలే అనడు. "ఎంత?" అని అందరి ముందు అడిగితే వరుసగా ఐదు, ఐదు, నాలుగు అని వస్తుంది, అందరూ రొప్పుతూనే ఉంటారు. నేర్పేవాళ్లు ఒక్కొక్కరినే పక్కకు పిలిచి అడగాలి, లేదా వేళ్లు చూపించమనాలి. ఎక్కువ అంకె చెప్పినందుకు తిట్టకూడదు. తిడితే మర్నాటి నుంచి నిజం చెప్పడం మానేస్తారు.

అంకెలు నిజంగా చెప్పడం అలవాటైతే ఒక మంచి లెక్క చేతికొస్తుంది. అమెరికా శాస్త్రవేత్త కార్ల్ ఫాస్టర్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. వ్యాయామం అయిపోయిన అరగంటకు, మొత్తంగా ఎంత కష్టమైందో ఒక అంకె రాసుకుని, దాన్ని నిమిషాలతో హెచ్చించాలి. 40 నిమిషాలు 4 దగ్గర పరుగెత్తితే 160. 25 నిమిషాలు 8 దగ్గర అయితే 200. వెంటనే కాకుండా అరగంట ఆగడమెందుకంటే, చివరి నిమిషం మంట మొత్తం పూటను కప్పేయకుండా. వారం మొత్తం కూడితే ఒంటి మీద పడ్డ భారం కనిపిస్తుంది. వారం వారం అది ఉన్నట్టుండి పైకి ఎగిరిందంటే పిక్కల నొప్పి, మోకాలి కింద ఎముక నొప్పి రాబోతున్నాయని అనుమానించాలి. ఫాస్టర్ బృందం ఇంకోటి గమనించింది. కోచ్ తేలిక రోజు అనుకున్నప్పుడు ఆటగాళ్లు ఎక్కువ కష్టపడ్డారు, కష్టమైన రోజు అనుకున్నప్పుడు తక్కువ కష్టపడ్డారు. రోజులన్నీ కలిసి ఒకే మధ్యరకం ముద్దైపోయాయి. మన రోడ్ల మీద జరిగేదీ అచ్చం ఇదే. ప్రపంచ స్థాయి దూరపు పరుగువాళ్ల శిక్షణను చూస్తే దాదాపు 80 శాతం పూటలు 3, 4 దగ్గరే ఉంటాయి. మిగతావి మాత్రం నిజంగా కష్టంగా ఉంటాయి. రోజూ 1600 మీటర్ల టైము కొట్టుకునే పిల్లవాడికి తేలిక రోజే లేదు, కాబట్టి కష్టం రోజు కూడా సరిగా రాదు.

జిమ్‌లో బరువులెత్తేవాళ్లకు మాత్రం అంకె వేరేగా చూస్తారు. ఇంకెన్నిసార్లు ఎత్తగలవో దాన్ని పదిలోంచి తీసేయాలి. రెండుసార్లు మిగిలి ఉంటే 8. గుండు విసరడానికి బలం పెంచుకునేవాళ్లకు 7, 8 దాకా చాలు.

చివరిది, గడ్చిరోలి, చంద్రపూర్ పిల్లలకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఇవి సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు ఎక్కువగా కనిపించే విదర్భ జిల్లాలు. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఆ జన్యువు వచ్చినవాళ్లు మామూలుగా ఏ ఇబ్బందీ లేకుండా బతికేస్తారు, తమకు ఉన్నట్టు కూడా తెలియదు. కానీ ఆపకుండా గరిష్ఠ శ్రమ చేస్తే, అందులోనూ ఎండలో, నీళ్లు తక్కువై ఉన్నప్పుడు, వాళ్ల ఎర్రరక్త కణాలు కొడవలి ఆకారానికి తిరిగి కండరాలకు రక్తం అందకుండా అడ్డుపడవచ్చు. రెండు మూడు నిమిషాల గరిష్ఠ శ్రమ కూడా దీనికి చాలు. తయారీ లేకుండా 800, 1600 మీటర్లు పట్టుబట్టి పరుగెత్తించినప్పుడు క్రీడాకారులు ఇలా కుప్పకూలిన ఘటనలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. ఇందులో ఒక గుర్తు ఉంది. మామూలు కండరాల పట్టులో కండ గట్టిగా ముడిపడుతుంది. ఇక్కడ కండ మెత్తగానే ఉండి, కాళ్లలో నొప్పి కంటే బలహీనత ముందు తెలుస్తుంది. మనిషి పడిపోయినా మొదట్లో మాట్లాడగలుగుతాడు. అందుకే నటిస్తున్నాడని పొరబడి లేపి మళ్లీ పరుగెత్తిస్తారు.

ఈ జన్యువు ఉన్నంత మాత్రాన పరుగు మానాల్సిన పని లేదు. తన వేగం తాను నిర్ణయించుకునే స్వేచ్ఛ ఉండాలి, మొదటి వారాలు 5, 6 దాటకూడదు, పరుగుకూ పరుగుకూ మధ్య తీరిగ్గా విశ్రాంతి, నీళ్లు ఉండాలి, జ్వరం వచ్చిన రోజుల్లో గ్రౌండ్‌కు రాకూడదు. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో రక్త పరీక్షలు చేస్తున్నారు. భర్తీ తయారీ మొదలుపెట్టే ముందే ఆ పరీక్ష చేయించుకోవాలి. పరుగెత్తే పిల్లవాడు కాళ్లు లేవడం లేదన్నా, ఊపిరి అందడం లేదన్నా, ఛాతీలో బరువన్నా, తల తిరుగుతోందన్నా ఎంత అంకె అని అడగడం అక్కడితో ఆపి, నీడకు చేర్చి, నీళ్లిచ్చి, తేరుకోకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. సికిల్ సెల్ ఉందని తెలిస్తే ఆ మాట డాక్టరుతో మొదటే చెప్పాలి.